'నారప్ప'ను పిల్లకాయలకు చూపొచ్చా?

ఈ ప్రశ్న మాకు సెన్సార్ బోర్డు నుంచి రాలేదు, ఒక హాస్టల్ ట్యూటర్ నుంచి వచ్చింది. 2022 ఏప్రిల్ 14న కర్నూలు పడమటి వైపు ఒక ఊళ్ళో, మాదిగ గేరిలోని కమ్యూనిటీ హాల్లో, తెల్ల దుప్పటి కట్టి 'నారప్ప' సినిమా వేశాం. పొద్దుట్నుంచి ఉపన్యాసాలు విని పిల్లలు విసిగిపోయి ఉన్నారు, మన బతుకుల మీద తీసిన సినిమా ఒకటి చూపిద్దామని మాలో ఎవరో అన్నారు, అందరం ఊ అన్నాం. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా యాభై అరవై మంది చాపల మీద కూచున్నారు. మేము వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాం. ఆ రాత్రి మూడు సంగతులు జరిగాయి.

కాళ్ళకు చెప్పులు వేసుకున్నందుకు ఒక అమ్మాయి నెత్తిన ఆ చెప్పులే పెట్టి, కొట్టుకుంటా వీధి వెంట నడిపించే దృశ్యం వచ్చినప్పుడు ముందు వరసలో ఉన్న చిన్న పిల్లకాయలు పకపకా నవ్వారు. పెద్దకొడుకు తల లేని శవం కనిపించినప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి బయటికి పోయి, సినిమా అయ్యేదాకా బోరింగు దగ్గర కూచుంది. సొంత మేనమామ శవాన్ని ఆస్పత్రి వెనక చూసిన పిల్ల అని మాకు తరవాత తెలిసింది. సినిమా అయిపోయాక తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు మా దగ్గరికి వచ్చి, "అన్నా, ఆ నాటుబాంబు దేంతో చేస్తారు?" అని అడిగాడు. మర్నాడు ట్యూటర్ మమ్మల్ని నిలదీశాడు. "మీరు యూనివర్సిటీలో చదివినోళ్ళు గదా, పిల్లోళ్ళకు ఏది చూపాలో ఏది చూపకూడదో మీకు తెలీదా?" అన్నాడు. మేము అప్పుడు నీళ్ళు నమిలాం. ఈ వ్యాసం ఆయనకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

సినిమా తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. తమిళంలో వెట్రిమారన్ తీసిన 'అసురన్' 2019 అక్టోబరులో వచ్చింది. పూమణి 1982లో రాసిన 'వెక్కై' నవల దానికి ఆధారం. దాన్నే శ్రీకాంత్ అడ్డాల అనంతపురం సీమకు మార్చి, వెంకటేశ్ హీరోగా 'నారప్ప' తీశాడు. 2021 జూలై 20న థియేటర్లకు పోకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. కొద్దిపాటి చేను ఉన్న నారప్ప కుటుంబానికి భూస్వామి పండుసామితో నీళ్ళ దగ్గర, గట్టు దగ్గర గొడవ మొదలవుతుంది. పెద్దకొడుకు మునికన్న ఎదురు తిరుగుతాడు. వాణ్ణి జైలు నుంచి విడిపించుకోవడానికి తండ్రి పెద్దకులపోళ్ళ కాళ్ళ మీద ఒక్కొక్కరి మీదా పడతాడు. ఆ అవమానం కొడుక్కి తెలుస్తుంది, వాడు తిరగబడతాడు, వాణ్ణి చంపి తల తీసేస్తారు. అప్పుడు చిన్నవాడు సిన్నబ్బ, ఇంకా మీసం రాని పిల్లవాడు, పండుసామిని చంపుతాడు. సినిమా మొదలయ్యేది తండ్రీ కొడుకులు రాత్రిపూట పారిపోతున్న దగ్గర్నుంచే.

అంటే ఇది పిల్లవాడు చేసిన హత్య కథ. ఇట్లాంటిది పిల్లలు చూడొచ్చా అని తేల్చడానికి ఈ దేశంలో ఒక యంత్రాంగం ఉంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం మొదట రెండే గదులు కట్టింది: అందరికీ 'యు', పెద్దలకు 'ఏ'. 1983 నుంచి మధ్యలో 'యు/ఏ' వచ్చింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రుల పర్యవేక్షణలో చూడాలని దాని అర్థం. 2023 సవరణతో ఆ మధ్యగది కూడా ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు అరలు అయింది. ఓటీటీలు కూడా 2021 నిబంధనల ప్రకారం దాదాపు ఇవే ముద్రలు తమకు తామే వేసుకుంటున్నాయి. సినిమా మనసు మీద బలంగా పనిచేస్తుంది కాబట్టి ముందే జల్లెడ పట్టడం తప్పు కాదని 1970లో అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మంచిదే. పిల్లల్ని కాపాడాలనే మాటకు మేము అడ్డం చెప్పం. ఎవరి పిల్లల్ని మనసులో పెట్టుకొని ఈ లెక్కలు కట్టారనేదే మా పేచీ.

'తల్లిదండ్రుల పర్యవేక్షణ' అనే మాట తీసుకోండి. ఆ రాత్రి చాపల మీద కూచున్న పిల్లల్లో సగానికి పైగా తల్లిదండ్రులు గుంటూరు మిరపకోతలకు పోయి ఇంకా తిరిగి రాలేదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఏటా ఇదే తంతు. ఆ పిల్లలకు తల్లీ తండ్రీ హాస్టల్ వార్డెనూ వంటమనిషీ. సోఫాలో అమ్మానాన్నల మధ్య కూచున్న పిల్లవాడి కోసం రాసిన నియమం ఇది. హాస్టల్ ట్రంకుపెట్టె మీద కూచొని అన్న ఫోన్లో సినిమా చూసే పిల్లవాడు ఆ చట్టం రాసినోళ్ళ ఊహలో లేడు.

ఇంకో మాట. 1991 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన సెన్సార్ మార్గదర్శకాల్లో పిల్లల గురించి ఒక అంశం ఉంది. హింసకు గురయ్యేవాళ్ళుగా, హింస చేసేవాళ్ళుగా, బలవంతాన హింసను చూడాల్సి వచ్చినవాళ్ళుగా పిల్లల్ని చూపకూడదు అని. చదివినప్పుడు మాకు కొంచెంసేపు నోట మాట రాలేదు. ఎందుకంటే సిన్నబ్బ ఆ మూడూ. అన్న శవాన్ని చూశాడు, దెబ్బలు తిన్నాడు, కొడవలి పట్టాడు. బోరింగు దగ్గర కూచున్న ఆ పిల్ల మూడోది. అదే 1991లో, ఆ మార్గదర్శకాలు రావడానికి నాలుగు నెలల ముందు, ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. సంచులు విప్పినప్పుడు గట్టు మీద ఆ ఊరి పిల్లకాయలకు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు? పిల్లలు చూడకూడనిది తెర మీద రాకుండా చూసే ప్రభుత్వం, అదే సంగతి ఊళ్ళో జరక్కుండా చూడలేకపోయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

చుండూరు గొడవ మొదలైంది కూడా సినిమా హాల్లోనే. చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్ల అబ్బాయికి తగిలింది. అక్కణ్ణుంచి సాంఘిక బహిష్కరణ దాకా, హత్యల దాకా పోయింది. సినిమా, హింస, యువత అని సెమినార్లు పెట్టేవాళ్ళు ఈ సంగతి ఎప్పుడూ ఎత్తరు. తెర మీద హింస కుర్రాళ్ళను చెడగొడుతుందా అని వాళ్ళు తలలు పట్టుకుంటారు. తెర ముందు ఎవడు ఎక్కడ కాలు చాపొచ్చు అనేది మాత్రం వాళ్ళకు సినిమా సమస్య కాదు.

ఇక సర్టిఫికెట్ల న్యాయం సంగతి. తమిళంలో 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే సినిమా వచ్చింది. రిజర్వేషన్ కులం మీద కాక ఆర్థిక స్థితి మీద ఉండాలని వాదించే సినిమా, దొంగ కుల సర్టిఫికెట్‌తో పైకొచ్చిన బ్రాహ్మణ అమ్మాయి మీద జాలి కలిగించే సినిమా. దానికి 'యు' ఇచ్చారు. అందరూ చూడొచ్చు, ఐదేళ్ళ పిల్ల కూడా చూడొచ్చు. మద్రాసు హైకోర్టు రద్దు చేస్తే 1989లో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. భావ ప్రకటనా స్వేచ్ఛ మీద ఆ తీర్పును మేము కూడా గౌరవిస్తాం, రేపు మనకూ అక్కరకొస్తుంది. కానీ గమనించండి: నెత్తుటి చుక్క లేదు కాబట్టి అది పసిపిల్లలకు పనికొచ్చింది. క్లాసులో మన పిల్లవాడి పక్కన కూచునే పిల్లవాడు అది చూసి వచ్చి వీడి వంక ఎట్లా చూస్తాడో ఏ కమిటీ లెక్కగట్టలేదు. 1994 నాటి 'బాండిట్ క్వీన్'కు మాత్రం 'ఏ'. అది ఇవ్వడానికే ఎన్నో ఆటంకాలు, చివరికి 1996 మే నెలలో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఆ సినిమా మీద మాకూ తగాదా ఉంది. బతికున్న ఫూలన్ దేవి వద్దంటున్నా ఆమె మీద జరిగిన అత్యాచారాన్ని తెరకెక్కించడం అన్యాయం. అయినా ఆ తీర్పులో పనికొచ్చే ఒక కొలత ఉంది. ఒక దృశ్యంలో ఏం కనిపిస్తున్నది అని మాత్రమే చూడొద్దు, అది చూసేవాడిలో ఏం పుట్టిస్తున్నది, కామమా, ఆ దుర్మార్గుల మీద ఏవగింపా అని అడగమంది. ఈ కొలతతోనే 'నారప్ప'ను చూద్దాం.

మొదట చెప్పుల దృశ్యం. తీసిన విధానంలో తప్పు లేదు. కెమెరా ఆ పిల్ల మొహం పక్కనే ఉంటుంది, కొట్టేవాడి గొప్ప చూపించదు. ఏవగింపే పుట్టాలి. మరి మన పిల్లకాయలు ఎందుకు నవ్వారు? ఆ రాత్రి మాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. తరవాత ఆలోచిస్తే సిగ్గేసింది. తెలుగు సినిమాలో పనివాడి నెత్తిన మొట్టడం, పాలేరు పంచె ఊడదీయడం, నల్లగా ఉన్న పిల్లను వెక్కిరించడం హాస్యం. అవి 'యు' సినిమాల్లో, పండగ సినిమాల్లో, ఆదివారం టీవీలో వస్తాయి. అవమానం కనపడితే నవ్వాలని వాళ్ళకు ఐదారేళ్ళ వయసు నుంచి తర్ఫీదు ఇచ్చాం. సెన్సార్ వాళ్ళ భాషలో అది హింస కిందికి రాదు. పెద్ద పిల్లలు నవ్వలేదు. పదో తరగతి పిల్లవాడొకడు ముందు వరస వాడి వీపు మీద ఒకటి చరిచాడు. ఆ ఒక్క దెబ్బ మేము రాసే వ్యాసాలకన్నా మంచి విమర్శ అనిపించింది మాకు. ఏమైనా, పదకొండేళ్ళ లోపు పిల్లలకు ఈ దృశ్యం మాట సాయం లేకుండా అర్థం కాదని అక్కడ రుజువైంది.

రెండోది నెత్తురు. ఇక్కడ సినిమా రెండు నాలుకలతో మాట్లాడుతుంది. కొడుకు శవం దగ్గర తల్లి సుందరమ్మ ఏడుపు నిజం. ప్రియమణి ఆ పాత్రను మన వాడల్లో ఆడవాళ్ళు మాదిరే నిలబెట్టింది. చావుకు బరువుంది. అదే సినిమాలో నారప్ప ఒంటరిగా పదిమందిని నరుకుతున్నప్పుడు పాట లాంటి సంగీతం, నిదానంగా ఎగిరే దుమ్ము, ఈల వేయమని పిలిచే ఫ్రేములు. అక్కడ చచ్చేవాళ్ళకు పేరు లేదు, తల్లి లేదు. మా లెక్కలో పిల్లలకు చెరుపు చేసేది ఈ రెండో నెత్తురు. బరువు లేని చావు. శవం చూసి లేచిపోయిన పిల్ల బాధపడింది గానీ చెడిపోలేదు. బాంబు గురించి అడిగినవాడు ఆ పోరాట దృశ్యాల నుంచే అడిగాడు.

దీనికి సీమలో ఒక చరిత్ర ఉంది. 'సమరసింహారెడ్డి' 1999లో, 'నరసింహనాయుడు' 2001లో, 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి' 2002లో వచ్చాయి. కులం తోకలు పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో. సుమోలు లేస్తాయి, కొడవళ్ళు లేస్తాయి, దొర కోసం ప్రాణమిచ్చే అనుచరులు వరసబెట్టి చస్తారు. ఆ అనుచరులు ఎవరు? మన గేరి వాళ్ళు, బోయోళ్ళు, కూలోళ్ళు. నిజం ఫ్యాక్షన్లో కూడా జైలుకు పోయిందీ కాళ్ళు చేతులు పోగొట్టుకుందీ వాళ్ళే. ఆ సినిమాలు చూస్తా మేము పెరిగాం. బెంచీల మీదెక్కి ఈలలు వేశాం, మమ్మల్ని మేమే చంపుకుంటున్న దృశ్యాలకు. ఎవరూ మమ్మల్ని ఆపలేదు. దానితో పోలిస్తే, తోక లేని పేరుతో, కింద ఉన్నవాడి వైపు నుంచి కత్తి ఎందుకు లేచిందో చెప్పిన సినిమా 'నారప్ప'. అందుకే ఇది కొట్టిపారేయాల్సిన సినిమా కాదంటున్నాం.

మూడో సంగతి మాకు అన్నిటికన్నా ముఖ్యం. పూమణి నవలలో కథ పిల్లవాడిది. పదిహేనేళ్ళ చిదంబరం చేసిన పని, వాడి భయం, వాడి ఆకలి, తండ్రితో అడవిలో గడిపిన రోజులు. తండ్రి వీరగాథ నవలలో లేదు. సినిమా ఆ కథను పిల్లవాడి చేతుల్లోంచి తీసుకొని తండ్రి చేతుల్లో పెట్టింది. స్టారు ఉన్నాడు కాబట్టి. తమిళంలోనే ఇది జరిగింది, తెలుగులో ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. అరవై ఏళ్ళ వెంకటేశ్ యవ్వనం కోసం సగం సినిమా వెనక్కి పోతుంది. సిన్నబ్బ ఏం అనుకుంటున్నాడో మనకు తెలీదు. ఒక మనిషిని చంపిన పిల్లవాడు ఆ రాత్రి ఎట్లా నిద్రపోయాడు? వాడికి అన్న గుర్తొచ్చాడా, చచ్చినవాడి మొహం గుర్తొచ్చిందా? అడగరు. బాంబులు పక్కన పెట్టించి తండ్రి తిడతాడు, కాపాడతాడు, చివరికి తప్పు తన మీద వేసుకుంటాడు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి సిన్నబ్బ మనసు దొరికుంటే బాంబు గురించి అడిగేవాడా అని మాలో ఒకరు అన్నారు. ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

చట్టం కూడా ఈ పిల్లవాణ్ణి చూడదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఘోర నేరం చేసిన పదహారేళ్ళ పిల్లవాణ్ణి, మండలి పరిశీలించాక, పెద్దవాడిగా విచారించొచ్చు. వాడే 'ఏ' సినిమాకు పోతే గేటు దగ్గర ఆపేస్తారు. నేరానికి పెద్దవాడు, సినిమాకు పసివాడు.

సినిమా చివర తండ్రి కొడుక్కి చదువుకోమని చెప్తాడు. భూమి గుంజుకుంటారు, చదువు గుంజుకోలేరు అనేది దాని సారం. హాలంతా చప్పట్లు. మా ఇళ్ళల్లో మొదట బడికి పోయినోళ్ళం మేము, ఆ మాటకు మా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, దాచేదేముంది. కానీ చప్పట్లు ఆగాక ఒక అనుమానం మిగిలింది. చుండూరులో కాలు తగిలిన యువకుడు చదువుకున్నవాడే. చదువు వల్ల వచ్చిన నిటారుతనమే ఆ ఊరి రెడ్లకు కంటగింపు అయింది. చదువు కవచం అని పిల్లలకు చెప్పి పంపిస్తే, యూనివర్సిటీ హాస్టల్లో మొదటి దెబ్బ తగిలినప్పుడు వాడు ఎవరికి చెప్పుకోవాలి? భూమి కూడా అంత తేలిగ్గా వదులుకోవాల్సింది కాదు. ఎసైన్డ్ భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977లోనే చట్టం వచ్చింది. ఆ గేరిలోనే పట్టా ఉండి భూమి లేనోళ్ళు ఉన్నారు. సినిమా చూపిన నెత్తురు కన్నా ఈ ముగింపు గురించే పిల్లలతో ఎక్కువసేపు మాట్లాడాలనిపిస్తుంది.

కులం పేరు ఎత్తని సంగతి కూడా ఉంది. నారప్పది ఏ కులమో సినిమా నోరు విప్పి చెప్పదు. పెద్దోళ్ళు, పేదోళ్ళు అని సరిపెడుతుంది. గుడిసెల్ని తగలబెట్టే దృశ్యం చూస్తే 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో సజీవ దహనమైన 44 మంది గుర్తొస్తారు. అక్కడ కూడా పైకోర్టులో భూస్వాములు బయటపడ్డారు. తమిళ ప్రేక్షకుడికి ఆ మంట పేరు తెలుసు. అనంతపురానికి తెచ్చాక ఆ మంటకు పేరు పోయింది. మన దగ్గర పేర్లు లేకనా? 1985 జూలై 17న కారంచేడులో మాదిగలు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెల కుడితి గొడవతో మొదలై ఆరుగురు చచ్చిపోయారు. నారప్ప ఇంట్లో గొడవ కూడా నీళ్ళ దగ్గరే మొదలైంది. ఈ రెండూ కలిపి చెప్పే పని సినిమా చేయలేదు కాబట్టి, పక్కన కూచున్న పెద్దవాడు చేయాలి. పేరు లేని హింస పిల్లవాడికి వట్టి భయం ఇస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని తెలిస్తే దాని మీద ప్రశ్న వేయగలుగుతాడు.

కాబట్టి ట్యూటర్ గారికి మా జవాబు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఈ సినిమా చూపొద్దు. వాళ్ళకు చూపడం మా తప్పు, ఆ పిల్ల ఇంటికి పోయి వాళ్ళ అవ్వతో ఆ మాట చెప్పి వచ్చాం. ఎనిమిది, తొమ్మిది, పది చదివేవాళ్ళకు చూపొచ్చు, చూపాలి కూడా. కానీ రాత్రిపూట జాతర మాదిరి కాదు. పగలు, రెండు పూటలుగా. మొదటి పూట మునికన్న చావు దగ్గర ఆపి, అన్నం తిని, మాట్లాడుకొని, తరవాత మిగతాది. సొంత ఇంట్లో దాడి, చావు చూసిన పిల్లలు ఎవరో ముందే తెలుసుకొని, లేచిపోవడానికి వాళ్ళకు తలుపు దగ్గర చోటు ఇవ్వాలి, లేచిపోతే ఎందుకని అడక్కూడదు. వాళ్ళ పక్కన ఒక ఆడమనిషి ఉండాలి. ఆ రాత్రి మా బృందంలో ఒక్క ఆడమనిషి లేదు, ఆ పిల్ల వెంట పోవాలని మాకు తోచలేదు కూడా. నారప్ప కొట్లాట దృశ్యాలు తీసేయాల్సిన పని లేదు. ఆపి, "ఈ చచ్చినోడు ఎవరు, వీడి అమ్మ ఎక్కడుంది?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

బాంబు గురించి అడిగిన పిల్లవాడికి ఆ రోజు "అట్లాంటివి అడక్కూడదు" అని చెప్పి పంపేశాం. పోయిన నెల మళ్ళీ కలిశాడు. ఇంటర్ చదువుతున్నాడు. సినిమా గుర్తుందా అంటే నవ్వాడు. "మా తాత చేతికి మూడు వేళ్ళు లేవు అన్నా. ఏమైందని ఎవరూ చెప్పరు మా ఇంట్లో. అందుకే అడిగినా" అన్నాడు.